కరెంటు పోగానే ఆగిపోయే లాప్‌టాప్ – సంఘంలోనే చేసుకోదగిన పరీక్షలు



పాల కేంద్రంలో యంత్రం మొరాయిస్తే రెండు రకాల నష్టం జరుగుతుంది. ఒకటి డబ్బు నష్టం, రెండవది నమ్మకం నష్టం. డబ్బు నష్టాన్ని తీర్మానం చేసి, రసీదు పెట్టి పూడ్చుకోవచ్చు. నమ్మకం పోతే మాత్రం పూడ్చడం కష్టం. పాలు పోసిన సభ్యుని చేతికి చీటీ రాకపోతే, ఆ రోజు వెన్న శాతం ఎంతో, లీటర్లు ఎన్నో తేలకపోతే, తప్పు ఎవరిదైనా నింద పడేది కార్యదర్శి మీదనే.

మన సంఘాలలో చాలా చోట్ల తూకం, పాల పరీక్ష యంత్రం, చీటీ యంత్రం, లాప్‌టాప్ ఒకే బల్ల మీదకు చేరాయి. బ్యూటిరోమీటరులో ఆమ్లం పోసి వెన్న చూసిన రోజులలో కరెంటు పోతే లాంతరు వెలిగిస్తే సరిపోయేది. ఇప్పుడు కరెంటు పోతే లాప్‌టాప్ తన బ్యాటరీ మీద నడవాలి. అది నడవకపోతే ఏం చేయాలన్నదే ఈ సంచికలోని పాఠం.

ఒక సంఘంలో జరిగిన సంగతి

నగరానికి పడమటి వైపున్న ఒక గ్రామ సంఘంలో వేసవి సాయంత్రం పాల సేకరణ జరుగుతోంది. కరెంటు పోయింది. లాప్‌టాప్‌లో బ్యాటరీ గుర్తు 40 శాతం చూపుతోంది. కార్యదర్శి తరువాతి సభ్యురాలి చీటీ కోసం మీట నొక్కగానే తెర ఒక్కసారిగా నల్లబడింది. కరెంటు వచ్చాక యంత్రం మామూలుగానే లేచింది కాని, ఆ పూట రాసిన 14 మంది లెక్క లేదు. కార్యదర్శి పట్టికనంతా చివరలో ఒకేసారి భద్రపరిచే అలవాటులో ఉన్నారు.

చీటీలు దాచుకున్న వారి లెక్క దొరికింది. చీటీ పారేసిన వారితో తగాదా వచ్చింది. "కంప్యూటర్ల పోయినయి" అని కార్యదర్శి చెబితే, "కంప్యూటర్ పాలు తాగుతదా అక్కా?" అని ఒక సభ్యుడు అందరి ముందు అడిగాడు. వారం రోజుల్లో మరి రెండుసార్లు అదే జరిగింది. దగ్గరి పట్టణంలో ఒక దుకాణంలో చూపిస్తే, లోపల బోర్డు పోయిందనీ, కొత్త లాప్‌టాప్ కొనుక్కోవడమే మేలనీ చెప్పారు. కొత్తది కొనడానికి తీర్మానం సిద్ధమైంది. సమావేశానికి రెండు రోజుల ముందు కార్యదర్శి ఆ యంత్రాన్ని సంచిలో పెట్టుకుని మా దగ్గరకు వచ్చారు. మేము ఆమెను వెంటబెట్టుకుని కిషన్‌బాగ్ వెళ్ళాం.

కిషన్‌బాగ్ హైదరాబాద్ పాతనగరంలో, మూసీకి దక్షిణాన, బహదూర్‌పురా నుంచి అత్తాపూర్ వెళ్ళే దారిలో ఉన్న పేట. అక్కడ మాకు తెలిసిన ఒక మరమ్మతు పనివాని చిన్న గది ఉంది. ఒక బల్ల, ఒక దీపం, ఒక మల్టీమీటరు, డబ్బాల నిండా మరలు. ఆయన లాప్‌టాప్‌ను చేతిలోకి తీసుకున్నాడే కాని స్క్రూడ్రైవరు ముట్టుకోలేదు. ముందు ప్రశ్నలు అడిగాడు.

"అక్కా, కరెంటు మీద ఎంతసేపు నడుస్తది?"

"పొద్దంత నడుస్తది భాయ్. కరెంటు పోతేనే పడిపోతది."

"పడిపోయేటప్పుడు నీలం తెర వస్తదా, ఒక్కసారే నల్లగైతదా?"

"ఒక్కసారే నల్లగైతది."

"అప్పుడు మీరు ఏం పని చేస్తున్నరు?"

"మూడుసార్లు చీటీ కొట్టంగనే పోయింది."

"సగం రోగం మీరే చెప్పిన్రు" అన్నాడు ఆయన.

పశువైద్యుడు పశువు మీద చేయి వేయక ముందు మేత తింటోందా, నెమరు వేస్తోందా, పేడ ఎలా ఉంది అని అడుగుతాడు. యంత్రం విషయంలోనూ పద్ధతి అదే. ఆయన ఆ రోజు చేసిన పరీక్షలలో చాలా వాటికి పనిముట్లు అక్కరలేదు. కార్యదర్శి గాని, చదువుకున్న సభ్యుల పిల్లలు గాని కేంద్రంలోనే చేయవచ్చు. వాటినే ఇక్కడ వరుసగా వివరిస్తున్నాం.

రెండు స్థితుల మధ్య తేడాయే ఆధారం

ఒకే లాప్‌టాప్, అదే పని, అదే మనిషి. కరెంటు ఉంటే ఆగదు. బ్యాటరీ మీద ఆగుతుంది. అంటే రెండు స్థితులలోనూ ఒకే విధంగా పనిచేసే భాగాలను ముందుగా అనుమానించనవసరం లేదు. జ్ఞాపక చిప్పు చెడినా, డిస్కు చెడినా, వేడి ఎక్కువై ఆగుతున్నా, సాధారణంగా కరెంటు మీద కూడా ఆగాలి. కరెంటు మీద రోజంతా నడుస్తున్నదంటే అనుమానం మూడు చోట్లకు తగ్గుతుంది.

మొదటిది బ్యాటరీ. రెండవది బ్యాటరీ నుంచి యంత్రానికి శక్తి వచ్చే దారి, అంటే కొక్కెం, తీగ, బోర్డు మీద ఆ పని చూసే భాగం. మూడవది బ్యాటరీ మీదకు మారగానే యంత్రం తనంతట తాను మార్చుకునే అమరికలు. శక్తి పొదుపు కోసం తెర వెలుగు, ప్రాసెసరు వేగం, బొమ్మల చిప్పు పని ఆ క్షణంలో మారతాయి. ఆ మార్పులో ఏదైనా డ్రైవరు తడబడితే యంత్రం పడిపోతుంది.

బ్యాటరీ లోపల ఏముంది?

లాప్‌టాప్‌లో ఉండేది లిథియం అయాన్ బ్యాటరీ. దీనిని మార్కెట్లోకి మొదట 1991లో సోనీ సంస్థ తెచ్చింది. దీని వెనుక ఉన్న పరిశోధనకు జాన్ గుడెనఫ్, స్టాన్లీ విట్టింగ్‌హామ్, అకిరా యోషినోలకు 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. లోపల రెండు పొరలు ఉంటాయి. ఒకటి గ్రాఫైటుతో, రెండవది లోహ ఆక్సైడుతో తయారైనవి. ఛార్జి చేసేటప్పుడు లిథియం అయాన్లు గ్రాఫైటు వైపు చేరుతాయి. వాడేటప్పుడు తిరిగి రెండవ వైపు వస్తాయి. ఈ రాకపోకలు జరిగిన కొద్దీ, ముఖ్యంగా వేడిలో, పొరల మీద ఒక విధమైన పాచి పేరుకుంటుంది. అందువల్ల రెండు మార్పులు వస్తాయి.

ఒకటి, బ్యాటరీలో పట్టే శక్తి తగ్గుతుంది. ఇది అందరికీ తెలిసిందే. మూడు గంటలు వచ్చేది గంటకు దిగుతుంది. రెండవది చాలామంది గమనించనిది. శక్తి బయటకు రావడానికి లోపలే అడ్డు పెరుగుతుంది. దీనిని అంతర్గత నిరోధం అంటారు.

పాడి రైతుకు ఇది కొత్త సంగతి కాదు. కొన్ని గేదెలకు పొదుగు నిండా పాలుంటాయి, కాని చన్ను బిగువు. ఎంత పిండినా ధార సన్నగానే వస్తుంది. నెమ్మదిగా పిండేవారికి ఇబ్బంది లేదు. తొందరపడితే మాత్రం పాలు అందవు. పాత బ్యాటరీ కూడా అలాంటిదే. నెమ్మదిగా అడిగితే ఇస్తుంది, ఒక్కసారిగా ఎక్కువ అడిగితే ఇవ్వలేదు.

చిన్న లెక్క

లెక్క వేసి చూస్తే సంగతి స్పష్టమవుతుంది. ఒక బ్యాటరీలో మూడు సెల్లు వరుసగా ఉన్నాయనుకుందాం. ఒక్కో సెల్లు 3.6 వోల్టులు ఇస్తే మొత్తం 10.8 వోల్టులు. ఒక్కో సెల్లు సుమారు 3 వోల్టులకు, అంటే మొత్తం 9 వోల్టులకు పడితే బ్యాటరీని కాపాడటానికి యంత్రం శక్తిని ఆపేస్తుందనుకుందాం.

లాప్‌టాప్ మామూలుగా 1 ఆంపియరు తీసుకుంటూ, బరువైన పని పడినప్పుడు ఒక్క క్షణం 4 ఆంపియర్లు అడుగుతుందనుకోండి. కొత్త బ్యాటరీ అంతర్గత నిరోధం 0.15 ఓమ్ అయితే 4 ఆంపియర్లకు తగ్గే వోల్టేజి 0.6 మాత్రమే. మిగిలేది 10.2 వోల్టులు, ప్రమాదం లేదు. అదే బ్యాటరీ పాతబడి నిరోధం 0.5 ఓమ్‌కు పెరిగిందనుకోండి. 1 ఆంపియరు తీసుకునేటప్పుడు అర వోల్టు తగ్గి 10.3 మిగులుతుంది, యంత్రం బాగానే నడుస్తుంది. 4 ఆంపియర్లు అడిగిన క్షణంలో 2 వోల్టులు పడిపోయి 8.8 మిగులుతుంది. వెంటనే తెర నల్లబడుతుంది.

కార్యదర్శి చీటీ మీట నొక్కినప్పుడే యంత్రం ఎందుకు ఆగిందో ఈ లెక్క చెబుతోంది. ఊరికే తెరిచి ఉంచితే ఆగదు. పని చెప్పగానే ఆగుతుంది.

శాతం చూసి మోసపోకూడదు

"40 శాతం ఉండగా ఎలా ఆగుతుంది?" అన్నది సభ్యుల ప్రశ్న. తెర మీద కనిపించే శాతం ఎంత శక్తి మిగిలిందన్న అంచనా. దానిని ఎంత వేగంగా ఇవ్వగలదో ఆ అంకె చెప్పదు. పైగా బ్యాటరీ ముసలిదైతే ఆ అంచనా కూడా తప్పుతుంది. లీటర్లు కొలిచి వెన్న శాతం చెప్పలేము గదా. ఇదీ అంతే.

ఇది మన పల్లెల్లోనే వచ్చిన బాధ కాదు. ఛార్జి ఉండగానే ఆగిపోతున్న ఫోన్ల గురించి ప్రపంచమంతటా ఫిర్యాదులు వచ్చాయి. పాత బ్యాటరీలున్న ఐఫోన్లు హఠాత్తుగా ఆగిపోకుండా వాటి వేగాన్ని తగ్గిస్తున్నామని ఆపిల్ సంస్థ 2017 డిసెంబరులో ఒప్పుకుంది. 2018లో తక్కువ ధరకు బ్యాటరీలు మార్చి ఇచ్చింది. బ్యాటరీ మార్చిన ఫోన్లు మళ్ళీ పూర్తి వేగంతో నడిచాయి. యంత్రం మంచిదే, బ్యాటరీయే బలహీనమన్న మాట.

ఆగిపోవడంలో రకాలు

ఆగిన తీరును గమనించి పుస్తకంలో రాసుకోవాలి. తీరును బట్టి అనుమానం మారుతుంది.

తెర ఏ హెచ్చరికా లేకుండా నల్లబడి, దీపాలన్నీ ఆరిపోతే శక్తి తెగిందని అర్థం. బ్యాటరీ గాని, కొక్కెం గాని, బోర్డు మీది దారి గాని కారణం.

నీలం తెర, దాని మీద ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తే శక్తి తెగలేదు. లోపలి కార్యక్రమం తడబడింది. డ్రైవర్లను, అమరికలను చూడాలి. ఆ తెర మీది మాటలను ఫోనుతో ఫోటో తీసి ఉంచాలి.

తెర ఆరినా చిన్న దీపం మెల్లగా మినుకుతూ, మీట నొక్కగానే విడిచిన చోటునుంచే లేస్తే అది చెడిపోవడం కాదు. యంత్రం నిద్రపోయింది. బ్యాటరీ మీద ఎన్ని నిమిషాలకు నిద్రపోవాలో చెప్పే అమరికను పెంచితే చాలు.

విండోస్ యంత్రాలలో ఈవెంట్ వ్యూయర్ అనే చోట కెర్నల్ పవర్ 41 అన్న నమోదు కనిపిస్తుంది. యంత్రం సక్రమంగా మూతపడకుండా ఆగిందని మాత్రమే దానికి అర్థం. కారణం అది చెప్పదు. అయితే ఆగిన తేదీ, సమయం సరిగ్గా తెలుస్తాయి. సభ్యుల ముందు పెట్టడానికి ఇది మంచి సాక్ష్యం.

వరుసగా చేయవలసిన పరీక్షలు

పరీక్షలు పాలు పోసే వేళల్లో చేయకూడదు. ముందుగా లెక్కలన్నీ పెన్‌డ్రైవులోకి నకలు తీసి పక్కన పెట్టాలి. ఆ తరువాతనే మొదలుపెట్టాలి.

1. కంటితో చూడడం. లాప్‌టాప్‌ను చదునైన బల్ల మీద పెట్టండి. నాలుగు మూలలూ ఆనుతున్నాయా? మూత సరిగా పడుతోందా? వేలితో రాసే పలక పైకి లేచిందా? అడుగు భాగం ఉబ్బిందా? వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తక్కిన పరీక్షలు వద్దు. కింద ఉబ్బిన బ్యాటరీ గురించి చెప్పినది చదవండి.

2. బ్యాటరీ నివేదిక. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. పి, ఓ, డబ్ల్యు, ఇ, ఆర్, సి, ఎఫ్, జి అనే ఎనిమిది ఇంగ్లీషు అక్షరాలు కలిపి కొట్టి, ఒక ఖాళీ వదిలి, ముందుకు వాలిన గీత పెట్టి, దానికి ఆనించి బ్యాటరీ, రిపోర్ట్ అనే రెండు ఇంగ్లీషు మాటలను కలిపి కొట్టండి. ఒక నివేదిక తయారై, అది ఏ చోట ఉందో తెర మీద కనిపిస్తుంది. అందులో రెండు అంకెలు చూడాలి. డిజైన్ కెపాసిటీ అంటే కొత్తగా ఉన్నప్పుడు పట్టే శక్తి. ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అంటే ఇప్పుడు పట్టే శక్తి. రెండవదానిని మొదటిదానితో భాగించి నూరుతో హెచ్చిస్తే ఆరోగ్య శాతం వస్తుంది. 80 పైన ఉంటే మంచిది. సగానికి దిగితే అనుమానం గట్టిది. అంకె బాగున్నంత మాత్రాన బ్యాటరీ నిర్దోషి అని అనుకోకూడదు. అంతర్గత నిరోధాన్ని ఈ నివేదిక చూపదు.

3. బరువు తగ్గించి చూడడం. ఇది అన్నిటికంటే ఉపయోగమైన పరీక్ష. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి, అడ్వాన్స్‌డ్ అమరికలలో ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్ కింద మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ అన్నది వెతకండి. ఆన్ బ్యాటరీ దగ్గర 100 ఉంటే 70 చేయండి. తెర వెలుగు తగ్గించండి. లాప్‌టాప్ నుంచి శక్తి తీసుకునే యు.ఎస్.బి. పరికరాలను విప్పండి. ఇప్పుడు ఛార్జరు తీసి మునుపు ఆగిన పనినే చేసి చూడండి. ఆగకపోతే, యంత్రం ఒక్కసారిగా అడిగిన శక్తిని బ్యాటరీ ఇవ్వలేకపోతున్నదని దాదాపు తేలినట్లే. కొన్ని యంత్రాలలో ఈ అమరిక కనిపించదు. అప్పుడు శక్తి పొదుపు పద్ధతిని ఎంచుకుని చూడవచ్చు.

4. విండోస్ లేకుండా నడపడం. యంత్రం తెరిచేటప్పుడు తయారీదారు చెప్పిన మీట నొక్కితే బయోస్ అనే తెర వస్తుంది. ఛార్జరు తీసి ఆ తెర మీదనే అరగంట వదలండి. అక్కడా ఆగితే దోషం బ్యాటరీలో గాని, దారిలో గాని ఉంది; విండోస్‌ది కాదు. అక్కడ ఆగకుండా విండోస్‌లోనే ఆగితే అమరికలో, డ్రైవరో, లేక బరువైన పనికి తట్టుకోలేని బ్యాటరీయో కారణం కావచ్చు. మూడవ పరీక్షతో పోల్చి చూసుకోవాలి.

5. కదిలించి చూడడం. బ్యాటరీ మీద నడుస్తుండగా లాప్‌టాప్‌ను ఒక మూల పట్టి కొంచెం లేపి దించండి. ఆ కదలికకే ఆగితే కొక్కెం వదులైంది. బయటి నుంచి తీయగల బ్యాటరీ అయితే యంత్రం ఆపి, ఛార్జరు తీసి, బ్యాటరీ తీసి, దుమ్ము తుడిచి గట్టిగా అమర్చాలి. తడి గుడ్డ వాడకూడదు. తీసిన సమయంలోనే పవర్ మీటను 30 సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన ఛార్జి పోతుంది. చిన్న తికమకలు దీనితోనే సర్దుకుంటాయి.

6. అమరికలు, డ్రైవర్లు. నీలం తెర వచ్చే యంత్రాలకు ఇది ముఖ్యం. లాప్‌టాప్ తయారీదారు ఇచ్చిన కొత్త బొమ్మల డ్రైవరు, చిప్‌సెట్ డ్రైవరు, బయోస్ వేయించాలి. బయోస్ మార్చేటప్పుడు మధ్యలో శక్తి పోతే బోర్డే చెడుతుంది. కాబట్టి బ్యాటరీ అనుమానంగా ఉన్నప్పుడు ఆ పని పనివానికి వదలండి.

7. బ్యాటరీ మార్చి చూడడం. చివరి తీర్పు ఇదే. అదే రకం లాప్‌టాప్ ఉన్న పొరుగు సంఘాన్ని ఒక పూట బ్యాటరీ అడగండి. బ్యాటరీ మీది నమూనా సంఖ్య రెండింటికీ ఒకటే కావాలి. లోపల బిగించిన బ్యాటరీ అయితే పనివాని చేతనే మార్పించాలి. మంచి బ్యాటరీతో యంత్రం ఆగకపోతే కొనవలసింది బ్యాటరీ మాత్రమే. మంచి బ్యాటరీతోనూ ఆగితే బోర్డు మీది దారి చెడింది. బోర్డు పోయిందన్న మాట అప్పుడు నమ్మవచ్చు.

ఆ సంఘం లాప్‌టాప్ ఏమైంది?

కిషన్‌బాగ్ పనివాడు నివేదిక తీశాడు. కొత్తలో 45,000 మిల్లీవాట్ అవర్లు, ఇప్పుడు 19,800. అంటే 44 శాతం. ప్రాసెసరును 70కి తగ్గించి చీటీ కొట్టించాడు, ఆగలేదు. మళ్ళీ 100కి పెంచి కొట్టించాడు, ఆగింది. మూడుసార్లు అలాగే చేసి కార్యదర్శికి చూపించాడు. తరువాత అదే రకం మంచి బ్యాటరీ పెట్టి మా ముందే గంటసేపు నడిపాడు. ఒక్కసారి కూడా ఆగలేదు.

బోర్డు పోలేదు. కొత్త బ్యాటరీ ఖర్చు కొత్త లాప్‌టాప్ ధరలో చిన్న భాగమే. కార్యదర్శి ఆ నివేదికను కాగితం మీద అచ్చు తీయించి సమావేశంలో పెట్టారు. ఈవెంట్ వ్యూయర్‌లో ఉన్న మూడు తేదీలు, సమయాలు, గ్రామంలో కరెంటు పోయిన వేళలతో సరిపోయాయి. చీటీ లేని సభ్యుల లెక్కను వారి ముందు వారం సగటు చూసి కట్టాలని సంఘం ఒప్పుకుంది. పాలు ఎక్కడికి పోయాయని అడిగిన సభ్యుడే కొత్త బ్యాటరీ తీర్మానాన్ని బలపరిచాడు.

ఉబ్బిన బ్యాటరీతో ఆటలాడకూడదు

లిథియం బ్యాటరీ లోపల వాయువు చేరితే ఉబ్బుతుంది. దాన్ని వెంటనే వాడకం నుంచి తీసేయాలి. ఛార్జి పెట్టకూడదు. నొక్కకూడదు, గుచ్చకూడదు, గాలి పోతుందని మేకుతో పొడవకూడదు. రెండు పొరలూ లోపల తగిలితే మంట పుడుతుంది. 2006 ఆగస్టులో డెల్ సంస్థ సోనీ తయారు చేసిన సుమారు 41 లక్షల లాప్‌టాప్ బ్యాటరీలను, అవి వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉందని వెనక్కు పిలిచింది. పెద్ద సంస్థలే అంత జాగ్రత్త పడ్డాయంటే మనం ఎంత జాగ్రత్త పడాలో ఆలోచించండి.

ఉబ్బిన దానిని గడ్డివాముకు, దాణా బస్తాలకు, డీజిలు డబ్బాలకు దూరంగా, సిమెంటు గచ్చు మీద ఉంచి, పనివానికి అందజేయాలి. పొగ వస్తే మనుషులు ముందు బయటకు రావాలి. 101కు ఫోన్ చేయాలి. పాత బ్యాటరీని పేడ గుంటలో వేయడం, చెత్తతో కాల్చడం చేయరాదు. 2022 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడిన బ్యాటరీలను తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులది. కొత్తది కొన్న చోటనే పాతది అప్పగించి, రసీదు మీద ఆ సంగతి రాయించుకోండి.

కొనేటప్పుడు, వాడేటప్పుడు

కొత్త బ్యాటరీ మీద నమూనా సంఖ్య, వోల్టేజి పాతదానితో సరిపోవాలి. ఐ.ఎస్. 16046 అన్న భారతీయ ప్రమాణాల సంస్థ గుర్తు ఉందో లేదో చూడాలి. గ్యారంటీ రసీదు సంఘం పేరున ఉండాలి. మరీ చవకగా వచ్చేవాటిని, పాత సెల్లు మార్చి కట్టినవాటిని కొనవద్దు. కొన్న రోజునే బ్యాటరీ నివేదిక తీసి పుస్తకంలో అతికించండి. తరువాత ఆరు నెలలకు ఒకసారి తీసి పోల్చండి.

బ్యాటరీకి పెద్ద శత్రువు వేడి. రేకుల షెడ్డులో వేసవి మధ్యాహ్నం లాప్‌టాప్‌ను వదలకూడదు. బల్క్ కూలరు వేడి గాలి వదిలే వైపు, కిటికీ ఎండలో పెట్టకూడదు. కింద గుడ్డ పరచకూడదు, గాలి ఆడదు. ఎప్పుడూ ఛార్జరుకే తగిలించి ఉంచే కేంద్రాలలో, యంత్రంలో 80 శాతం దగ్గర ఛార్జి ఆపే అమరిక ఉంటే దానిని వాడాలి. చాలా రోజులు వాడని యంత్రాన్ని సగం ఛార్జితో చల్లని చోట పెట్టాలి.

ఇన్వర్టరు ఉన్న కేంద్రాలకు ఒక మాట. కరెంటు నుంచి ఇన్వర్టరుకు మారే క్షణంలో చిన్న ఖాళీ రావచ్చు. ఆ ఖాళీని దాటించేది లాప్‌టాప్ బ్యాటరీయే. బ్యాటరీ బలహీనమైతే ఇన్వర్టరు ఉండి కూడా యంత్రం ఆగుతుంది.

లెక్క పోకుండా చూసుకోవడం

ఎంత మంచి బ్యాటరీ అయినా ఒకనాటికి పాతదవుతుంది. కాబట్టి యంత్రం ఆగినా లెక్క ఆగకూడదు. ప్రతి సభ్యుని లెక్కనూ చీటీతోబాటే భద్రపరచాలి. పూట చివరలో ఒకేసారి అనుకోవద్దు. బల్ల మీద పాత చేతి రిజిస్టరు తెరిచి ఉండాలి. సభ్యుని సంఖ్య, లీటర్లు, వెన్న శాతం ఈ మూడు అంకెలైనా అందులో పడాలి. సభ్యులు పది రోజుల బిల్లు అందేదాకా చీటీలు పారేయకూడదు. యంత్రం ఆగిన వేళ, ఆగిన తీరు రిజిస్టరులో రాసి, ఆ సమయంలో అక్కడున్న ఇద్దరు సభ్యుల సంతకం తీసుకోవాలి.

ఈ నాలుగు పనులు చేసిన సంఘంలో లాప్‌టాప్ పడిపోయినా కార్యదర్శి మాట పడిపోదు.

సంఘ సమావేశంలో చర్చించుకోవలసిన ప్రశ్నలు

1. మన కేంద్రంలో కరెంటు పోయినప్పుడు లాప్‌టాప్ ఎంతసేపు నడుస్తోంది? చివరిసారి ఎవరు పరీక్షించారు?

2. బ్యాటరీ ఆరోగ్య శాతం ఎంత? కొన్న తేదీ రసీదు ఎక్కడ ఉంది?

3. మన దగ్గర ఉన్న రకమే వాడుతున్న పొరుగు సంఘం ఏది?

4. ఈ పూట యంత్రం ఆగితే, ఇంతవరకు పాలు పోసిన వారి లెక్క మన దగ్గర ఇంకెక్కడ ఉంది?

నాలుగవ ప్రశ్నకు వెంటనే జవాబు దొరకకపోతే, బ్యాటరీ సంగతి తరువాత చూసుకోవచ్చు. ముందు చేతి రిజిస్టరు తెరవండి.